చలికాలము – కాలుజారు చోట్లు

కాలు జారితే తీసుకొనవచ్చును గాని నోరు జారితే తీసుకొనలేమని మన పెద్దలు చెప్పుదురు. మాటను అదుపులో ఉంచుకొమ్మని హెచ్చరించుటకు పుట్టిన సామెత యిది. ఆ పనిని చక్కగనే చేయుచున్నది. అయితే అందులోని మొదటి సగమును అక్షరాల నమ్మి కూర్చుండుట మంచిది కాదు. పదేండ్ల బాలుడు కాలు జారి పడినచో బట్టలు దులుపుకొని లేచును. డెబ్బదియేండ్ల వృద్ధురాలు అదే చోట పడినచో తుంటియెముక విరుగవచ్చును. విరిగినచో ఆమె నడక, ఆమె స్వతంత్రము, ఒక్కొక్కప్పుడు ఆమె ప్రాణమే ఆ పడిన చోట నిలిచిపోవచ్చును. ఆ వయస్సున జారిన కాలును తీసుకొనుట, జారిన మాటను తీసుకొనుటకంటె సులభమేమియు కాదు.

ఇది ఒక యింటి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారము, పడిపోవుటవలన ఏటేట సుమారు 6,84,000 మంది ప్రాణములు కోల్పోవుచున్నారు. అనుకోని గాయములవలన కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. వీనిలో నూటికి ఎనుబదికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశములలో జరుగుచున్నవి. మరణించినవారిలో అరువదియేండ్లు పైబడినవారే అధికము. ఇంత పెద్ద సంఖ్య మన చెవిని పడకపోవుటకు కారణమొకటి యున్నది. బస్సు బోల్తాపడినచో వార్త యగును. స్నానాలగదిలో పెద్దామె పడినచో గ్రహచారమగును. గ్రహచారమనుకొన్న దానికి ఎవరును విరుగుడు వెదకరు. అది గ్రహచారము కాదని చెప్పుటయే నేటి మా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

చలికాలపు జారుడు అనగానే చలిదేశముల రోడ్లమీద గడ్డకట్టిన మంచు గుర్తుకు వచ్చును. కెనడాలోను, ఉత్తర అమెరికా సంయుక్త రాష్ట్రములలోను ఉన్న మన తెలుగువారు శీతకాలము రాకమునుపే అడుగున గరుకు పట్టున్న బూట్లు కొనుక్కొందురు; ఇంటిముందరి నడవపై ఉప్పో ఇసుకయో చల్లుదురు. అక్కడి మంచు భయపెట్టును, భయపెట్టును గనుక జాగ్రత్త నేర్పును. కృష్ణా డెల్టాలో అట్టి మంచు లేదు. జనవరి తెల్లవారుజామున సైతము విజయవాడలో చలి సాధారణముగా 18, 19 డిగ్రీల వద్ద ఆగిపోవును. మనము మంచు అని పిలుచునది పొలములపై తేలు పొగమంచు, గరికపై నిలుచు మంచుబొట్టు. చూచుటకు అవి ముచ్చటగా ఉండును. మన చలికాలము మెత్తనిది గనుకనే దానియందు ప్రమాదమున్నదని మనకు తోచదు.

మేము పరిశీలించినంతలో మన ప్రాంతమున ఈ కాలపు ప్రమాదములకు మూలము మూడింటిలో ఉన్నది: తడి, చీకటి, తొందర. విడివిడిగా ఉన్నప్పుడు వీనిని తట్టుకొనగలము. తడినేలపై పగటివెలుతురులో నెమ్మదిగా నడచువాడు సామాన్యముగా పడడు. పొడినేలపై చీకటిలో నడచువాడు తడుముకొనుచునైనను గమ్యము చేరును. మూడును కలిసినచోట మాత్రము ఎముక విరుగును. మన కార్తికమాసము, ధనుర్మాసము ఈ మూడింటిని తెల్లవారుజామున ఒక్కచోటికి చేర్చును. జనవరిలో ఇక్కడ సూర్యోదయము ఆరున్నర దాటిన పిమ్మటగాని కాదు. మన స్నానములు, కళ్ళాపులు, ముగ్గులు, దీపములు అన్నియు అంతకు ముందే ముగియవలెనని మన ఆచారము. ఆచారము మంచిదే. దానితోపాటు ఒక దీపమును, ఒక పట్టుకొమ్మను సిద్ధము చేసికొనుట మాత్రము మనము మరచుచున్నాము.

మొదట నదీతీరమునకు పోవుదము. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది మొదలు విజయవాడ వద్ద కృష్ణ నిండుగా నిలుచు నీరై యున్నది. 2016 పుష్కరముల సందర్భమున ఇక్కడి ఘాట్లను విశాలము చేసి క్రొత్తమెట్లు కట్టిరి. కార్తిక సోమవారములందును, పౌర్ణమినాడును దుర్గా ఘాట్, కృష్ణవేణి ఘాట్ మొదలగుచోట్ల ఆ మెట్లు జనముతో నిండిపోవును. చూచువారికి పైమెట్లు శుభ్రముగా, పొడిగా కనబడును. ప్రమాదము అక్కడ లేదు. నీటిమట్టము హెచ్చుచు తగ్గుచునుండు చోట, కొన్నాళ్లు మునిగి కొన్నాళ్లు తేలియుండు రెండు మూడు మెట్లున్నవే, వానిపై పాకుడు పట్టును. చీకటిలో అది రాతిరంగుననే యుండును. పైమెట్లు దిగిన ధైర్యముతోనే ఆ మెట్టుపై కాలు మోపుదుము. ఆపై వదలిన దీపముల నూనె, అరటిదొప్పలు, పువ్వులు, తడిబట్టలనుండి కారు నీరు తోడగును.

కనుక ఘాట్టున నీటికి దగ్గరగానున్న మెట్లను నడచి దిగరాదు; గొలుసో కమ్మీయో పట్టుకొని, పెద్దవారైనచో కూర్చుండి జరుగుచు దిగవలెను. నీటిలో దిగకపోయినను, మెట్టుపై కూర్చుండి చెంబుతో పోసికొన్నను స్నానము స్నానమే. ఒక చేత బిడ్డను, మరియొక చేత పళ్లెమును పట్టుకొని దిగు తల్లికి పట్టుకొనుటకు మూడవచేయి లేదు; ఆమె చేతిలోనిది ఒకటి ఇంకొకరు అందుకొనవలెను. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొనును గనుక ఎక్కునప్పుడు కుచ్చెళ్లు ఎగదోపుకొనవలెను. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువల వెంట ఊరూరనున్న చిన్న రేవులలో గొలుసులుండవు. ఆ రేవుమెట్లను కార్తికము రాకముందే గట్టి చీపురుతోను ఇసుకతోను రుద్ది పాకుడు వదలించుట నలుగురు యువకులకు ఒక పూట పని. ఒక వెదురుగడ పాతి మోకు కట్టుట మరియొక గంట పని. ఇంతకంటె తక్కువ ఖర్చుతో చేయగల పుణ్యకార్యమును మేమెరుగము.

ఇక్కడ మా యింటి సంగతి ఒకటి చెప్పుకొనవలసియున్నది. మా మేనత్తగారు బందరు కాలువ ఒడ్డున ఒక గ్రామములో నలుబదియేండ్లకు పైగా కాపురము చేసిరి. కార్తికమాసమున ఒక్కదినమైనను తప్పక రేవుస్నానము చేయుట ఆమె నియమము. ఎడమచేత లాంతరు పట్టుకొని, కుడిచేయి గోడకు ఆనించి, ఒక్కొక్క మెట్టుపై రెండు పాదములును నిలిపిన తరువాతనే క్రిందిమెట్టుకు దిగెడివారు. ఆ నలుబదియేండ్లలో ఆమె ఒక్కసారియు పడలేదు. డెబ్బదిరెండవయేట మా యింటికి విజయవాడ వచ్చినప్పుడు మేమందరము ఏకమై రేవుస్నానము మాన్పించితిమి. ఈ వయస్సున మెట్లు దిగుట ప్రమాదము, ఇంటిలోనే వేడినీళ్లు కాచి యిత్తుమంటిమి.

"నాయనా, ఆ మెట్లు నాకు తెలుసురా. మీ స్నానాలగదే నాకు కొత్త" అని ఆమె అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి.

కార్తికము మూడవనాడు తెల్లవారకమునుపే, ఇంటిలోని వారికి నిద్రాభంగము కాకూడదని దీపము వేయకుండ ఆమె స్నానాలగదికి పోయిరి. నున్నని పలకలపై ముందురాత్రి సబ్బునీరు ఆరలేదు. ఒక్క అడుగు వేసిరి. రెండవ అడుగు పడలేదు. మేము పరుగెత్తిపోవు వేళకు గోడప్రక్కన ఒరిగియుండిరి. బాధలోను ఆమె అన్నమాట ఒక్కటే: "పట్టుకోవటానికి ఏమీ దొరకలేదురా."

ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది. పాకుడు పట్టిన రేవున ఆమెకు గోడ దొరికెను, లాంతరు ఉండెను, తొందర లేకపోయెను. నున్నని మా గదిలో అవి మూడును లేవు. ఆమెను ప్రమాదమునుండి తప్పించితిమనుకొని ప్రమాదమునకు అప్పగించినవారము మేమే.

పెద్దలు పడునది నదిలోనో కొండపైనో కాదు, తరచుగా ఇంటిలోనే. అందులోను స్నానాలగది, పెరటిమెట్టు, మంచమునకును మరుగుదొడ్డికిని నడుమనున్న దోవ, ఈ మూడును ముఖ్యమైనవి. కార్తిక మార్గశిరములలో తుపాను వానలు మనకు క్రొత్త గావు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన వరిచేలు నీటిపాలైన సంగతి డెల్టా రైతులు మరువలేదు. అట్టి వానలు వెలిసిన తరువాత చలికాలపుటెండ పెరటిమూలలను ఆర్పలేదు. నూతిచప్టా, తొట్టిప్రక్క, కుళాయిక్రింద పాకుడు దినదినమును దట్టమగును. దానిని వారమునకొకసారి గట్టి చీపురుతో రుద్ది వదలించి, నీరు నిలువకుండ వాలు చేసికొనవలెను.

స్నానాలగదిలో మొదటిపని గోడకు ఒక గట్టి కమ్మీ బిగించుట. నిలుచున్నప్పుడు నడుమునకు కొంచెము పైగా, చేయి చాచినచో అందునట్లు అది యుండవలెను. తువాలు వ్రేలాడదీయు సన్నని కడ్డీ ఇందుకు పనికిరాదు. మనిషి బరువు పడినచో అది గోడనుండి ఊడివచ్చి మనిషితోకూడ పడును. రెండవది కూర్చుండి పోసికొనుటకు ఎత్తైన, కాళ్లు జారని పీట. మూడవది క్రింద గరుకుచాప. గరుకులేని ప్లాస్టిక్ చాప లేకపోవుటయే మేలు. నాలుగవది దీపము. రాత్రియంతయు వెలుగు చిన్నదీపమునకు అగు విద్యుత్తు ఖర్చు లెక్కింపదగినది కాదు. ఇంటిలోని వారికి నిద్రాభంగమగునని చీకటిలో నడచు పెద్దలు ఎందరో యున్నారు. నీకు దీపము కావలెనా అని వారిని అడుగరాదు, అడిగినచో వలదందురు. వేసి యుంచవలెను.

భోగినాటి తలంటి సంగతి వేరుగా చెప్పవలెను. నువ్వులనూనె, సున్నిపిండి, కుంకుడురసము, వేడినీరు – ఇన్ని జారుడువస్తువులు ఏటిలో మరి ఏ దినమునను ఒక్క చప్టాపై చేరవు. పదిమంది వరుసగా తలంటుకొను ఇంటిలో పదవవాని వంతు వచ్చువేళకు నేల అద్దమువలె నుండును. వరుసలో పెద్దలను మొదట కూర్చుండబెట్టుడు. ప్రతి యిద్దరి తరువాత ఒక చెంబెడు వేడినీటితోను కొంచెము సున్నిపిండితోను చప్టాను రుద్ది కడుగుడు. నూనె పట్టించుకొని ఇల్లంతయు తిరుగు పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టుడు; వారి పాదముల నూనె గడపలపై అంటును.

రాత్రి లేచుట మరియొక సమస్య. చలికాలమున చెమట తక్కువ గనుక మూత్రమునకు పలుమారులు లేవవలసివచ్చును. పండుకొన్నవారు దిగ్గున లేచినచో రక్తపుపోటు ఒక్కసారిగా తగ్గి కన్నులు చీకట్లు క్రమ్మును. రక్తపుపోటుకు మందులు వాడువారికిని, నిద్రమాత్రలు వేసికొనువారికిని ఇది మరింత హెచ్చు. లేచినవెంటనే నడువక, మంచముపై కాళ్లు దించి ఒక నిమిషము కూర్చుండి, పాదములు నాలుగుసార్లు ఆడించి, ఆపై లేవవలెను. దుప్పటి కప్పుకొనియే నడచుట, నేలనంటు పంచెతో నడచుట, అడుగు అరిగి నున్ననైన చెప్పులతో నడచుట మానవలెను. కళ్లజోడు మంచముప్రక్కనే ఉండవలెను. కంటిపొరను ముదరనీయక చికిత్స చేయించుకొనుట పడకుండుటకు చేయు చికిత్సయే. తలతిరుగుచున్నదని పెద్దలు చెప్పినప్పుడు వయస్సని కొట్టివేయక, వాడుచున్న మందుల చీటీ తీసికొని వైద్యునికి చూపవలెను.

ఇక సంక్రాంతి పనులు. పండుగకు ముందు ఇల్లు దులుపుట, గోడలకు వెల్లవేయుట, అటకమీది ఇత్తడిసామాను దింపుట మన యిండ్లలో ఇంటింట జరుగును. ఇంటి యజమాని స్టూలుపై స్టూలు వేసి యెక్కుట ఈ దినములలోనే. నిచ్చెన అడుగు గోడకు మరీ దగ్గరగా ఉన్నచో వెనుకకు పడును. మరీ దూరముగా ఉన్నచో క్రిందికి జారును. నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు దూరము లెక్కగా నిలిపి, క్రింద ఒకరు పట్టుకొనియుండగా ఎక్కవలెను. చేయి చాచి అందుకొనుటకు ప్రక్కకు వాలుటకంటె దిగి నిచ్చెన జరుపుట మేలు. బరువైన గుండిగలను ఒక్కరే దింపరాదు. మోకాళ్లు నొచ్చువారు ఈ పనిని పిల్లలకు విడిచిపెట్టుట చిన్నతనము కాదు.

ముగ్గులు వేయు ఆడపడుచులు వీధిలో కూర్చుండియో వంగియో పనిలో లీనమైయుందురు. అదేవేళ పొగమంచులో పాలవాని మోటారుసైకిలో, వార్తాపత్రికల కుఱ్ఱవాని సైకిలో వచ్చును. వచ్చువానికి ముగ్గు కనబడదు, మనిషియు కనబడదు. వీధి మొగమై కూర్చుండి, ఇరుప్రక్కల ఒక్కొక్క దీపముంచి, రోడ్డు నడుమకు పోకుండ వేసికొన్నచో ముగ్గు అందము తగ్గదు. పిట్టగోడ లేని డాబాలపై గాలిపటముల నెగురవేయు పిల్లలు ఆకాశమునే చూచుచు వెనుకకు అడుగులు వేయుదురు. అచ్చట పెద్దవారొకరు ఉండితీరవలెను.

విజయవాడ కొండల నడుమనున్న నగరము. మొగల్రాజపురము, వన్‌టౌన్, గుణదల కొండవాలులలో వేలాది కుటుంబములు నిటారు మెట్లదారుల వెంట నీళ్లబిందెలతో, కూరగాయల సంచులతో ఎక్కుచు దిగుచు నున్నారు. ఇట్టి దారులలో ఒక్క వీధిదీపము మాడిపోయినచో అది ఫిర్యాదు చేయవలసిన విషయము. ఒక్క మెట్టు విరిగినచో దానికి సున్నపుగీత గీసి నలుగురికి తెలియజేయవలసిన విషయము. చలికాలమున భవానీదీక్ష విరమించుటకు లక్షలాదిగా ఇంద్రకీలాద్రికి వచ్చువారు పాదరక్షలు లేక గిరిప్రదక్షిణము చేయుదురు. తెల్లవారుజామున చలికి పాదములు మొద్దుబారినప్పుడు గులకరాయి గుచ్చుకొన్నను తెలియదు. మధుమేహమున్నవారు ప్రదక్షిణము ముగిసిన వెంటనే తమ పాదములు తాము చూచుకొనవలెను. చిన్నగాయమని విడిచినచో అది పెద్దదగును.

పల్లెలలో ఇది సార్వా వరి ఇల్లు చేరు కాలము. పొలముగట్లు తెల్లవారుజామున మంచుతడితో నుండును. నల్లరేగడి తడిసినచో సబ్బువలె జారును. కోతకత్తి చేత పట్టుకొని గట్టుపై నడచువాడు మొన క్రిందికిని తనకు దూరముగను ఉండునట్లు పట్టుకొనవలెను. పడునపుడు కత్తి మనకంటె ముందు నేల చేరవలెనుగాని మనము కత్తిపై పడరాదు. గడ్డివామి వేయువారు మీదనుండి దుముకుట వేడుకగా భావింతురు. క్రింద పంగలకఱ్ఱ ఎటు నిలిచియున్నదో చూచుకొనరు. నూర్పిడియంత్రము దగ్గర పైటచెంగులు, తలగుడ్డలు, వదులు చొక్కాలు బిగించి కట్టుకొనవలెను.

నూర్చిన ధాన్యమును ఆరబోయుటకు కళ్లములు చాలక రోడ్లపై పోయుట డెల్టాయంతట కనబడుచున్నది. రైతు కష్టము మాకు తెలియును. తేమ ఎక్కువయున్నచో ధర తగ్గును, ఆరబోయక తప్పదు. అయినను రాత్రివేళ ఆ ధాన్యమును కప్పి దాని చుట్టును రాళ్లు పేర్చి విడిచిపెట్టినచో మోటారుసైకిలుపై వచ్చువానికి ఆ రాయియే మృత్యువగును. రాళ్లకు మారుగా ఇసుకసంచులు పెట్టి, వానిపై తెల్లగుడ్డయో వెలుతురుకు మెరయు పట్టీయో కట్టుట సాధ్యమే. గడ్డిలోడుతో పోవు ట్రాక్టరు వెనుకదీపములను గడ్డియే కప్పివేయును. లోడు చివర ఎఱ్ఱగా మెరయు పట్టీ నొకటి కట్టనిదే పొగమంచులో బండి కదల్చరాదు. వెనుకనుండి వచ్చువారు పెద్దదీపముల వేసినచో పొగమంచు తెల్లని గోడవలె అడ్డునిలుచును. క్రిందికి వాల్చిన దీపములతో నెమ్మదిగా పోవుటయే మార్గము. ఏమియు కనబడనప్పుడు రోడ్డుపై గాక రోడ్డు దిగి ఆగవలెను.

తాటిచెట్టు నెక్కు గీతకార్మికుల సంగతి తలపక ఈ ప్రసంగము పూర్తికాదు. మంచుకు తడిసిన మానుపై ప్రాతబడిన మోకును నమ్ముకొని వారు ప్రతి ఉదయమును ఎక్కుదురు. అచ్చటనుండి పడినవాడు బ్రదికినను వెన్నెముక విరిగి మంచమున పడుట తరచు. తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య రక్షణ కవచము పేరిట గీతకార్మికులకు భద్రతాపరికరములను ఇచ్చు పథకమును ప్రారంభించినది. చేయి జారినను మనిషి నేలబడకుండ పట్టి నిలుపుట దాని ఉద్దేశము. చెట్టెక్కువానికి పడుట తప్పదు అనుకొన్నంతకాలము ఇట్టి పరికరము పుట్టదు. తప్పించవచ్చును అనుకొన్ననాడే పుట్టును. ఇంటిలోని కమ్మీకిని చెట్టుపైని కవచమునకును మూలసూత్రమొక్కటే.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఎవరైనను పడినచో ఏమి చేయవలెను? మన మొదటి తప్పు చంకలక్రింద చేతులు వేసి దిగ్గున లేవనెత్తుట. అట్లు చేయరాదు. మొదట పలుకరించి, ఎక్కడ నొప్పియో అడుగవలెను. తుంటిలో నొప్పియుండి, ఒక కాలు రెండవదానికంటె పొట్టిగా కనబడి పాదము బయటికి తిరిగియున్నచో తుంటియెముక విరిగినదని అనుమానింపవలెను. నిలువబెట్టరాదు, నడిపింపరాదు, నూనెతో మర్దన చేయరాదు. దుప్పటి కప్పి కదలకుండ పండుకొనబెట్టి 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ప్రారంభమైన ఆ సేవ ఇప్పుడు పల్లెపల్లెకును తెలిసినదే. మెడయందో నడుమునందో నొప్పియున్నవారిని ఆటోలో కూర్చుండబెట్టి తీసికొనిపోవుట మిక్కిలి ప్రమాదము. పసరుకట్టులతో దినములు గడపక ఎక్స్‌రే తీయించవలెను. తుంటియెముకకు ఒకటి రెండు దినములలోనే శస్త్రచికిత్స జరిగినచో మరల నడచు అవకాశము మెండు. మంచముననే ఉంచినచో ఒరుపుపుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధి ఆవరించును.

తలకు దెబ్బతగిలినప్పుడు పైకి గాయము లేదని నిర్లక్ష్యము చేయరాదు. వాంతులు, మగత, మాట తడబడుట, తలనొప్పి హెచ్చుట, ఒక చేయియో కాలో వాలిపోవుట కనబడినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. రక్తము పలుచబడు మందులు వాడువారు ఏ లక్షణమును లేకపోయినను వైద్యునికి చూపుకొనవలెను. ఒక్కరుగానుండు పెద్దలు చేతిఫోనును బల్లపై విడిచిపెట్టక మెడలోనో నడుమునందో ఉంచుకొనవలెను; పడినచోటునుండి బల్ల అందదు.

చివరగా ఒక మాట. ఇదంతయు విన్నవారు ఇకమీదట పెద్దలను గడప దాటనీయరాదని నిశ్చయించుకొనవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. అది ప్రేమతో చేయు పొరపాటు. కదలక కూర్చున్నవారి తొడకండరములు కరగిపోవును. కండ కరగినచో తూలుట హెచ్చును. తూలుట హెచ్చినచో భయము హెచ్చి మరింత కదలరు. పడకుండుటకు మేలైన మందు నడకయే. ఉదయపుటెండ కొంచెము పైకి వచ్చిన తరువాత అరగంట నడక, కుర్చీలోనుండి చేతులూనక పదిసార్లు లేచి కూర్చుండుట, వంటింటి గట్టును పట్టుకొని ఒంటికాలిపై పది అంకెలు లెక్కించునంతసేపు నిలుచుట – ఇవి దినదినమును చేయదగినవి. పాలు, పెరుగు, రాగిజావ, పప్పు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప ఎముకకును కండకును బలమిచ్చును. ఎండ తగులని ఎముక గట్టిపడదు.

మా మేనత్తగారికి పడిన మరునాడే శస్త్రచికిత్స జరిగినది. మూడుమాసములు ఊతబండితో నడచి, ఆపై చేతికఱ్ఱకు వచ్చిరి. ఆ మూడుమాసములలో స్నానాలగదికి కమ్మీ, గరుకుచాప, రాత్రిదీపము అన్నియు వచ్చినవి. అన్నింటికి కలిపి మాకైన వ్యయము ఆసుపత్రిలో ఒక్కదినమునకైన వ్యయములో చిన్నభాగము. మరుసటి కార్తికమున ఆమె ఏమియు అడుగలేదు. మేమే అడిగితిమి, "అత్తయ్యా, రేవుకు పోదామా?" అని.

తెల్లవారి వెలుతురు వచ్చినపిమ్మటనే ఘాట్టుకు చేరితిమి. ఆమె గొలుసు పట్టుకొని, ఒక్కొక్క మెట్టుపై రెండు పాదములును నిలుపుచు దిగి, నీటికి రెండుమెట్ల పైననే కూర్చుండిరి. మేము చెంబుతో నీళ్లు పోసితిమి. దీపము వదలిరి. ఎక్కివచ్చునపుడు మా చేయి అందించబోగా, "గొలుసు ఉందిగదరా, నువ్వు నీ కాలు చూసుకో" అని హెచ్చరించిరి. మేము మా కాలు చూచుకొనుచునే ఎక్కివచ్చితిమి.